మన్రో కుర్చీలో కూర్చున్న కలెక్టర్లకు, ఒక కట్టుబడి వారసుడి అర్జీ

కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల కలెక్టర్లకు, వాటిలోంచి ఈమధ్య విడిపోయిన కొత్త జిల్లాల కలెక్టర్లకు నమస్కారం.

నేను రిటైరైన సోషల్ టీచర్ని. పుట్టింది కోవెలకుంట్ల దగ్గర ఒక పల్లెలో. సర్వీసులో ఎక్కువ కాలం పత్తికొండ వైపు గడిచింది. నిజానికి ఈ కాగితం సోమవారం అర్జీల రోజున వచ్చి మీ చేతికే ఇవ్వాలి. కానీ ఆ రోజు వరండాలో పింఛను రాలేదని, పట్టాలో పేరు తప్పు పడిందని తెల్లారకముందే బస్సెక్కి వచ్చినవాళ్లు కూర్చుని ఉంటారు. రెండు వందల ఏళ్ల నాటి సంగతితో వాళ్ల టైం తినడం న్యాయం కాదనిపించి, అందరూ చదివేలా ఇక్కడ రాస్తున్నాను.

పోయిన వేసవిలో మా బంధువుల ఇంట్లో ఒక పెళ్లి జరిగింది. బంతిలో ఓళిగలు వడ్డిస్తున్నారు. మా అక్క మనవడు ఒకడు, హైదరాబాదులో ఉద్యోగం చేసేవాడు, పత్తికొండలో రెండు వందల ఏళ్ల కిందటి ఇంగ్లీషు కలెక్టరు మన్రో పేరు మీద ఉన్న బావినీ తోపునూ గురించి మాట ఎత్తాడు. తెల్లోడి గుర్తులు మనకెందుకు, అవన్నీ పీకేసి అక్కడ ఉయ్యాలవాడ నరసింహారెడ్డి విగ్రహం పెట్టాలన్నాడు. ఎదురు వరసలో పత్తికొండ నుంచి వచ్చిన ఒక పెద్దాయన భోంచేస్తున్నాడు. ముద్ద విస్తట్లోనే వదిలేసి, "మా తాత పేరు మన్రోలప్ప. ఆ దొర లేకుంటే మా వంశానికి సెంటు భూమి ఉండేది కాదు. ఆ బావి మీద చెయ్యేసి చూడు" అన్నాడు. మాటా మాటా పెరిగింది. వీడు ఆయన్ని తెల్లోళ్ల బానిస అన్నాడు. ఆయన లేచి వీడి చొక్కా పట్టుకున్నాడు. నేను అడ్డం పోయి విడిపించాను. ఆ ముసలాయన చెయ్యి కడుక్కోకుండానే బస్టాండుకు వెళ్లిపోయాడు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ముప్పై ఏళ్లు ఈ పాఠమే చెప్పాను. వాళ్లిద్దరిలో ఎవరిదీ అబద్ధం కాదని నాకు తెలుసు. తెలిసి కూడా ఆ బంతిలో ఒక్క మాట చెప్పలేకపోయాను, ఎందుకంటే అది ఒక్క మాటలో తేలే సంగతి కాదు. మీరు కూర్చున్న కుర్చీలో మొట్టమొదట కూర్చున్నది థామస్ మన్రో. 1800 నుంచి 1807 దాకా ఈ సీమలో చాలా భాగానికి ఆయన ప్రిన్సిపల్ కలెక్టరు. ఊళ్లలో భూమి శిస్తు లెక్కలు సరిచూసే జమాబందీ అని మీరు ఇప్పటికీ చేస్తున్న పనికి మన ఊళ్లలో వేళ్లు పాదుకున్నది ఆయన హయాంలోనే. అందుకే ఈ లేఖ రాజకీయ నాయకులకు రాయకుండా మీకు రాస్తున్నాను.

మొదటి నుంచి చెబుతాను, కాస్త ఓపిక పట్టండి.

1799 మే 4న శ్రీరంగపట్నం కోట పడిపోయింది, టిప్పు సుల్తాను చనిపోయాడు. కోట కూలింది కావేరి ఒడ్డున. దుమ్ము వచ్చి పడింది మాత్రం పెన్న, హంద్రీ, కుందూ నదుల మీద. అంతకుముందు 1792లో కొంత, ఇప్పుడు 1799లో కొంత, మైసూరు నుంచి మన నేల నిజాం వాటాకు వచ్చింది. ఆయన దాన్ని ఉంచుకున్నది ఎన్నాళ్లు? తన రక్షణకు పెట్టుకున్న ఈస్టిండియా కంపెనీ సైన్యం ఖర్చు కింద 1800 అక్టోబరు 12 ఒప్పందంలో మొత్తం ఇంగ్లీషువాళ్లకు రాసిచ్చాడు. బాకీ కింద ఇంట్లో గంగాళం తీసి ఇచ్చినట్టు మనల్ని ఇచ్చేశారు. దత్తమండలాలు అన్న పేరు అలా వచ్చింది. ఆ పేరు వద్దు, రాయలసీమ అందామని 1928లో నంద్యాలలో అనుకునేదాకా, నూట పాతికేళ్లకు పైగా మన పేరే ఒక బాకీ చీటీ.

అయితే టిప్పు పోయిన రోజున ఇక్కడి రైతు ఏడ్చాడని నేను పిల్లలకు ఎప్పుడూ చెప్పలేదు. నవ్వాడని కూడా చెప్పలేదు. 1565లో విజయనగరం ఓడిపోయిన దగ్గర నుంచి ఈ నేల ఎంతమంది చేతులు మారిందో లెక్క చూడండి. బీజాపూరు వచ్చింది, గోల్కొండ వచ్చింది, మొగలాయిలు వచ్చారు. కడప నవాబులు, కర్నూలు నవాబులు, గుత్తిలో మరాఠాలు, ఆ తర్వాత హైదరు, టిప్పు. రాజధానిలో జెండా మారినప్పుడల్లా పల్లెలో మారకుండా ఉన్నది ఒక్క పాలెగాడు. రైతుకు సుల్తాను ఎవరో తెలియకపోయినా పాలెగాడి మనిషి గుర్రం అడుగుల చప్పుడు తెలుసు. కావలి రుసుం ఇస్తే ఊరికి కాపు, ఇవ్వకపోతే ఆ కాపు కాసేవాళ్లే కళ్లం దోచుకుపోయేవాళ్లు. పాలెగాళ్లలో చెరువులు తవ్వించినవాళ్లున్నారు, గుళ్లు కట్టించినవాళ్లున్నారు. పక్క పాలెగాడి మీద కక్షతో ఊళ్లకు ఊళ్లు తగలబెట్టినవాళ్లూ ఉన్నారు. ఇవాళ సభల్లో పాలెగాళ్లందరినీ స్వాతంత్ర్య వీరులు అంటుంటే నాకు ఆ తగలబడిన ఊళ్లు గుర్తుకొస్తాయి.

మన్రో వచ్చేనాటికి ఈ ప్రాంతంలో 80 మంది పాలెగాళ్లు, వాళ్ల కింద దాదాపు 30,000 మంది ఆయుధాలు పట్టిన జవాన్లు ఉన్నారు. ఆయన, జనరల్ క్యాంప్‌బెల్ సైన్యం కలిసి రెండేళ్లు తిరక్కుండానే ఆ వ్యవస్థ నడుం విరిచారు. కొందరిని పట్టుకున్నారు, కొందరిని తరిమారు, మిగిలినవాళ్లకు నెలకింత అని పింఛను కట్టి మూల కూర్చోబెట్టారు. ఆ పనిలో మాట తప్పడాలూ జరిగాయి. పాలెగాళ్ల విషయంలో మన్రో నడిచిన పద్ధతిని లండన్లోని కంపెనీ డైరెక్టర్లే తప్పుపట్టారు. 1801లో తెర్నేకల్లు ఊరు పన్ను కట్టేది లేదని తిరగబడి, వసూలుకు వచ్చిన ఉద్యోగిని చంపింది. ఊరి మీదికి ఫిరంగులు వచ్చాయి. తిరుగుబాటు నడిపించిన ముత్తుకూరు గౌడప్పను ఉరితీశారు. తెర్నేకల్లు ఉన్నది పత్తికొండ పక్క మండలంలోనే. ఒక ఊళ్లో మన్రో పేరు పెట్టుకున్నారు, ఆ పక్కనే ఇంకో ఊళ్లో ఆయన కలెక్టరుగా ఉన్నప్పుడే ఊరి మనిషి ఉరికంబమెక్కాడు. మా స్కూలుకు రెండు వైపుల నుంచీ పిల్లలు వచ్చేవాళ్లు. ఒకే బెంచీ మీద కూర్చునేవాళ్లు.

మరి ఆ ముసలాయన తాతకు మన్రోలప్ప అని ఎందుకు పేరు పెట్టారు? దానికీ కారణం ఉంది. మన్రో ఏళ్ల తరబడి గుడారాల్లో ఉంటూ ఊరూరా తిరిగాడు. 1802లో సర్వే మొదలుపెట్టించాడు. 33 అడుగుల గొలుసు పట్టుకుని చేను చేనూ కొలిపించాడు. ఈ చేను నీది, దీనికి శిస్తు ఇంత, అది కట్టినంత కాలం నిన్ను కదిలించేవాడు లేడు అని రైతు పేరు మీద కాగితం రాయించాడు. తరతరాలుగా ఎవరొచ్చి ఎంత అడిగితే అంత ఇచ్చిన మనిషికి అది ఎంత ధైర్యమో, ఇవాళ రీసర్వేలో తన చేనుకు కొత్త రాయి పాతుతుంటే దగ్గర నిలబడి చూసుకునే రైతు మొహంలో మీరు చూసే ఉంటారు. సరే, ఆ శిస్తు తక్కువా అంటే కాదు. చాలా ఎక్కువ. అది ఆయనకే తెలుసు. 1807లో వెళ్లిపోయే ముందు శిస్తులో నాలుగో వంతు తగ్గించాలని, బావి కింద సాగుకు ఇంకా కొంత తగ్గించాలని పైకి రాశాడు. పైవాళ్లు వినలేదు. రైతుతో నేరుగా లెక్క పెట్టుకునే పద్ధతినే పక్కకు నెట్టి ఊళ్లను గుత్తకిచ్చారు. 1820లో ఆయన మద్రాసు గవర్నరుగా తిరిగొచ్చాకే తన పాత మాట అమల్లోకి తెచ్చుకున్నాడు.

ఇంగ్లండు వెళ్లిపోయే ముందు ఈ ప్రాంతాన్ని ఇంకొక్కసారి చూడాలని వచ్చి, 1827 జూలై 6న కలరా తగిలి పత్తికొండలో చనిపోయాడు. గుత్తిలో పూడ్చారు. 1831లో ఆయన్ని మద్రాసు తీసుకెళ్లారు. పత్తికొండలో ఆయన పేరు మీద మెట్ల బావి కట్టారు, తోపు వేశారు. జనం కథలు కట్టుకున్నారు. గండి కొండల మధ్య ఆయనకు బంగారు తోరణం కనిపించిందని, అది కనిపించినవాడు ఎక్కువ రోజులు బతకడని కడప వైపు చెప్తారు. మంత్రాలయంలో మఠం మాన్యం సంగతి విచారించడానికి వెళ్తే బృందావనంలోంచి రాఘవేంద్రస్వామి వచ్చి ఆయనతో మాట్లాడాడని, దాంతో మాన్యం మఠానికే ఉండిపోయిందని చెప్తారు. ఇవి జనం నమ్మకాలు, వాటిని నేను కాదనను. ఒక పరాయి దొర మీద మన జనం ఇన్ని కథలు అల్లుకున్నారంటే అంతకు ముందు వాళ్లు ఎంత నలిగిపోయి ఉంటారో మాత్రం తలుచుకుంటాను.

ఇంక మాన్యం మాట వచ్చింది కాబట్టి మా ఇంటి సంగతికి వస్తాను. ఈ అర్జీ పెట్టడానికి అసలు కారణం అదే.

మేము బోయలం. మా పూర్వీకులు కట్టుబడులు. ఈ మాట ఇప్పటి పిల్లలకు తెలియదు, మీలో కొందరికీ కొత్తగా ఉండొచ్చు. కట్టుబడి అంటే ఊరికి కావలి కాసే బంట్రోతు. పాలెగాడు పిలిస్తే బల్లెం పట్టుకుని పోవాలి, మిగతా రోజుల్లో దారుల్లో దొంగలు పడకుండా చూడాలి, దొంగతనం జరిగితే జాడ తీసి పట్టుకోవాలి. జీతం డబ్బు కాదు, మాన్యం చేను. దాని మీద నామమాత్రంగా కొంత కడితే చాలు. పాలెగాళ్లు పోయాక కూడా కంపెనీ కొన్నాళ్లు ఈ మనుషులనే ఊరి పోలీసులుగా వాడుకుంది. తర్వాత వాళ్ల అవసరం తీరిపోయింది. మాన్యం అనుభవించే మనిషి చచ్చిపోతే చేను సర్కారుకు కలుపుకోవడం మొదలైంది. కొడుకు బల్లెం పట్టుకుని వస్తే, నీతో పని లేదు పో అన్నారు.

మా అవ్వ బతికున్నప్పుడు ఊరికి ఉత్తరాన వాగు పక్కన ఒక చేను చూపించి కట్టుబడి చేను అనేది. అది మాది కాదు. ఎవరి పట్టాలోనో ఉంది, వాళ్లు మంచివాళ్లే, కొనుక్కున్నవాళ్లు. కానీ అవ్వ ఆ గట్టున మమ్మల్ని గోంగూర కొయ్యనిచ్చేది కాదు. వేరే ఎవరి గట్టునైనా కోసుకోండి, ఆ చేను దగ్గర మాత్రం చెయ్యి చాపొద్దు అనేది. ఎందుకవ్వా అంటే చెప్పేది కాదు. ఆమెకూ పూర్తిగా తెలియదేమో. అవ్వకు ఆమె అత్త చెప్పింది, అత్తకు ఇంకెవరో చెప్పారు. చేను పోయి వందేళ్లు దాటినా ఆ పట్టుదల కోడళ్ల మీదుగా ఇంత దూరం వచ్చింది.

నరసింహారెడ్డి పాఠం నేను పుస్తకంలో ఉన్నట్టు మొదలుపెట్టేవాణ్ని కాదు. బోర్డు మీద ఒక లెక్క వేసేవాణ్ని. 35 రూపాయలు ముగ్గురు అన్నదమ్ములకు సమానంగా పంచండి. రూపాయికి 16 అణాలు, అణాకు 12 పైలు. పిల్లలు మొదట పదకొండు రూపాయలు పెట్టేవాళ్లు. రెండు మిగిలాయి సార్ అనేవాళ్లు. రెండు రూపాయలను అణాలు చెయ్యండి అంటే 32 అయ్యేవి. తలా పది. రెండణాలు మిగిలాయి సార్. వాటిని పైలు చెయ్యండి. 24. తలా ఎనిమిది. శేషం లేదు సార్ అని అరిచేవాళ్లు. అప్పుడు చెప్పేవాణ్ని: పదకొండు రూపాయల పది అణాల ఎనిమిది పైలు, ఇది ఉయ్యాలవాడ నరసింహారెడ్డికి కంపెనీ ఇచ్చిన నెల పింఛను. తాతలు ఏలిన ఊళ్లు పోయి, ఆ ఇంటికి 70 రూపాయల పింఛను మిగిలింది. అందులో తండ్రి వాటా 35, దాన్ని మళ్లీ కొడుకులకు మూడు ముక్కలు చేస్తే ఇది. క్లాసు ఒక్క నిమిషం నిశ్శబ్దమైపోయేది. పాలెగాడి పౌరుషం గురించి గంట ఉపన్యాసం చెప్పినా ఆ నిశ్శబ్దం రాదు.

1846 వచ్చేసరికి నొస్సంలో నరసింహారెడ్డి తల్లి వైపు తాతగారి పింఛను కూడా వారసులు లేరని కంపెనీ ఆపేసి ఉంది. సరిగ్గా అదే కాలంలో కట్టుబడుల మాన్యాలు కూడా పోతున్నాయి. పింఛను తగ్గిన పాలెగాడి మనవడు, చేను పోయిన కట్టుబడి ఒకచోట కలిశారు. జూలై 10 రాత్రి అయిదు వందల మంది బోయలతో కోవెలకుంట్ల ఖజానా మీద పడ్డారు. తహసీల్దారును, కాపలావాళ్లను చంపారు. దొరికింది 805 రూపాయల చిల్లర. గిద్దలూరు దగ్గర పోరాటం జరిగింది. కొండలు పట్టుకు తిరిగారు. అక్టోబరు 6న పేరుసోమల దగ్గర జగన్నాథ కొండ మీద నరసింహారెడ్డి పట్టుబడ్డాడు. 1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో వేల మంది చూస్తుండగా ఉరితీశారు. తల కోట గుమ్మానికి వేలాడదీశారు. అది 1877 దాకా, ముప్పై ఏళ్లు అక్కడే ఉంది. అంటే ధాత కరువు దాకా. ఎముకల గూళ్లలా గంజి కేంద్రాలకు నడుచుకుంటూ పోయిన జనం కూడా ఆ పుర్రెను చూసే ఉంటారు.

ఒకసారి ఎనిమిదో తరగతి పిల్ల లేచి, "తహసీల్దారు తల నరకడం కరెక్టేనా సార్? ఆయనకూ పిల్లలుంటారు గదా" అని అడిగింది. దాని బంధువుల్లో ఒకరు ఏదో కక్షలో చనిపోయారని నాకు తర్వాత తెలిసింది. ఆ ప్రశ్నకు ఆ రోజు నేను చెప్పిన జవాబు నాకు తృప్తినివ్వలేదు. ఇప్పటికీ ఇవ్వడం లేదు. కానీ ఆ ప్రశ్న వచ్చిన క్లాసే మంచి క్లాసు అనుకుంటాను. వీరుడు అని రాసి కింద గీత గీస్తే ఆ పిల్ల లేవదు, ఆ ప్రశ్న రాదు.

ఇక అడగాల్సింది అడుగుతాను. ఆ కేసులో తొమ్మిది వందల మందికి పైగా నిందితులు. 412 మందిని నేరం లేదని వదిలారు. 273 మందిని జామీను మీద వదిలారు. 112 మందికి శిక్షలు పడ్డాయి. వాళ్లెవరు? ఏ ఊరివాళ్లు? ఓర్వకల్లు విమానాశ్రయానికి నరసింహారెడ్డి పేరు పెట్టారు. సంతోషం, ఆ పేరు మైకులో విన్నప్పుడల్లా నా గుండె నిండుతుంది. ఆయన అనుచరుడు వడ్డె ఓబన్న పేరు ఈమధ్య వేదికల మీద వినిపిస్తోంది, అదీ మంచిదే. మిగిలిన ఆ వందల మంది? వాళ్లు పాలెగాళ్లు కారు, వాళ్లకు వంశవృక్షాలు లేవు. చేను పోయింది కాబట్టి పోయిన మనుషులు. జైలు నుంచి తిరిగొచ్చినవాళ్లు ఏ ఇంటికి వచ్చారో, రానివాళ్ల ఆడవాళ్లు ఏం తిని బతికారో ఎక్కడా రాసిలేదు.

ఆ తర్వాత జరిగింది నన్ను ఇంకా ఎక్కువ బాధపెడుతుంది. తరాలుగా ఊరికి కావలి కాసి దొంగల జాడ తీసిన జనం పని పోయి, చేను పోయి, అడవి మీదా కూలి మీదా పడ్డారు. కొందరు దొంగతనాలకూ దిగారు, దాన్ని దాచను. 1871లో నేరస్థ జాతుల చట్టం వచ్చింది. 1911లో అది మద్రాసు ప్రెసిడెన్సీకి వచ్చింది. బోయలలో కొందరినీ ఆ జాబితాలో చేర్చారు. పుట్టిన బిడ్డ పుట్టుకతోనే నేరస్థుడు. 1947లో మద్రాసులో దాన్ని రద్దు చేసేదాకా అదే చట్టం. కావలివాళ్లను దొంగలుగా మార్చడానికి వందేళ్లు చాలాయి. సినిమాల్లో సీమ అనగానే బాంబులు, సుమోలు చూపించి పాలెగాళ్ల రక్తం అంటారు. 30,000 మంది ఆయుధం పట్టిన మనుషులకు ఉన్నట్టుండి బతుకుతెరువు లేకుండా పోతే ఏమవుతుందో ఎవరూ చూపించరు.

మఠం మాన్యం నిలిచిందని మురిసిపోయే మనం కట్టుబడి మాన్యం ఎట్లా పోయిందో తెలుసుకోవద్దా? రెండిటికీ మాట ఒక్కటే, మాన్యం. స్వామి వచ్చి అడగడానికి కట్టుబడికి బృందావనం లేదు.

రిటైరైన కొత్తలో మా చేను సంగతి తేల్చుకుందామని ఒక ఆఫీసుకు వెళ్లాను. ఏ ఆఫీసో చెప్పను, ఎవరి మీదా ఫిర్యాదు కాదిది. పాత ఇనాం రిజిస్టరు చూడాలన్నాను. భూమి మీద కేసు వేస్తావా అన్నాడు సీట్లో ఉన్నతను. లేదు బాబూ, పేరు చూసుకోవాలి అన్నాను. పేరు చూసుకుని ఏం చేస్తావు పెద్దాయనా అన్నాడు. మూడుసార్లు తిరిగాను. మూడోసారి బీరువా తెరిచి చూపించాడు. పై అరలో పాత రిజిస్టర్లు అడుగున తడిసి, ఒకదానికొకటి అంటుకుపోయి ఇటుకల్లా ఉన్నాయి. అతను ఒకటి తీసి అంచు పట్టుకుని విప్పబోతే పేజీ పొడి పొడిగా రాలింది. అతనికీ బాధనిపించింది, పాపం. చెయ్యి దులుపుకుని, చెన్నైలో ఉంటాయంట సార్ అసలువి అన్నాడు.

అది నిజం. మద్రాసు ప్రెసిడెన్సీ నాటి రికార్డుల్లో చాలా భాగం చెన్నై ఎగ్మూరు ఆర్కైవ్స్‌లో ఉంది. ఈ తిరుగుబాటు నాటికి కోవెలకుంట్ల కడప కలెక్టరు కింద ఉండేది. కాబట్టి కడప కలెక్టరు గారూ, ఆ ఉత్తరాలు మీ ఆఫీసు నుంచి మద్రాసుకు వెళ్లినవే. మీ కుర్చీ రాసిన కాగితాలను మీరు తిరిగి అడగండి. అసలువి అక్కర్లేదు, ఫోటోలు చాలు. 1846, 1847 సంవత్సరాల్లో నిందితుల పట్టికలు, కట్టుబడి మాన్యాలు కలుపుకున్న లెక్కలు దొరికినన్ని తెప్పించండి. తెలుగులో రాయించి ఏ ఊరి పేర్లు ఆ ఊరి సచివాలయంలో గోడకు పెట్టించండి. సచివాలయంలో సర్వేయరు ఉన్నాడు, ఊళ్లో పాత చేల పేర్లు తెలిసిన ముసలివాళ్లు ఇంకా కొందరు బతికి ఉన్నారు. చేల పేర్లు కూడా రాసుకోమనండి. కట్టుబడి చేను, తలారి మాన్యం, బోయ మాన్యం అని ఎన్ని ఊళ్లలో అంటున్నారో చూడండి. పదేళ్లు ఆగితే చెప్పేవాళ్లుండరు.

కడపలో బ్రౌన్ పేరు మీద ఉన్న భాషా పరిశోధన కేంద్రం మెకంజీ కైఫియత్తులను పుస్తకాలుగా తెచ్చింది. రెండు వందల ఏళ్ల క్రితం కరణాలు చెప్పిన ఊళ్ల కథలు అట్లాగే మనకు దక్కాయి. కైఫియత్తులు కాపాడుకున్నవాళ్లకు ఈ పట్టికలు కాపాడుకోవడం కష్టం కాదు.

పత్తికొండ బావిని ఎవరూ ముట్టకుండా చూడండి. దాని దగ్గర ఒక బోర్డు పెట్టించండి. అందులో రైతు పేరు మీద చేను రాయించాడని ఉండాలి, శిస్తు తగ్గించమని రాశాడని ఉండాలి, తెర్నేకల్లు మీదికి ఫిరంగులు వచ్చాయని, గౌడప్పను ఉరితీశారని కూడా ఉండాలి. కోవెలకుంట్లలో పెట్టే బోర్డులో నరసింహారెడ్డి గురించి ఎంత రాస్తారో రాయండి. ఆ రాత్రి చనిపోయిన ఖజానా కాపలావాళ్లను కూడా తలచండి. వాళ్లూ ఈ ఊళ్లవాళ్లే, జీతానికి నిలబడినవాళ్లు. శిక్ష పడిన 112 మంది పేర్లు దొరికితే అవన్నీ చెక్కించండి. స్థలం చాలకపోతే నరసింహారెడ్డి బొమ్మను చిన్నది చెయ్యండి, ఆయన ఏమీ అనుకోడని నా నమ్మకం.

పెళ్లిలో గొడవ పడిన మా అక్క మనవణ్ని మొన్న దసరాకు పత్తికొండ తీసుకెళ్లాను. బావి మెట్లు దిగి అడుగు దాకా చూశాడు. అక్కడ నుంచి తెర్నేకల్లు వెళ్లాం. వెనక్కి వచ్చేటప్పుడు, ఆ పెద్దాయన ఇల్లు ఎక్కడ తాతా అని అడిగాడు. కనుక్కుని వెళ్లాం. ఆయన ఇంట్లో లేడు, బళ్లారి ఆస్పత్రికి తీసుకెళ్లారన్నారు. మళ్లీ వెళ్లాలి.

నా దగ్గర ఒక నోటుబుక్కు ఉంది. మా ఊళ్లో, చుట్టుపక్కల నాలుగు ఊళ్లలో ముసలివాళ్లు చెప్పిన కట్టుబడుల పేర్లు అందులో పదకొండు రాసుకున్నాను. అందులో రెండు పేర్లు మా ఇంటివి. అవి నిజమో కాదో మీరు తెప్పించే పట్టికలతో సరిచూసుకోవాలి. చెన్నైకి మీరు మనిషిని పంపితే నన్నూ వెంట రానివ్వండి. పాత చేతిరాత చదవగలను, బస్సు చార్జీ నాదే, అక్కడ ఎన్ని రోజులైనా ఉంటాను. వానాకాలం రాకముందు వెళ్తే మంచిది, మీ దగ్గర మిగిలిన రిజిస్టర్లున్న బీరువా మీద కప్పు కారుతోంది.

ఇట్లు,
కోవెలకుంట్ల దగ్గరి ఒక పల్లె నుంచి,
రిటైర్డ్ సోషల్ టీచరు